కిన్నియర్ ఎడమ చెయ్యి

కిన్నియర్ గారి బొమ్మల్లో ఆకాశం నాది. అంటే నవ్వుతారని ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేం బెంగ లేదు.

ఆయన రాగి రేకుకు మైనం పూసి, సూదితో గీసి, దాన్ని ఆసిడ్ తొట్టెలో వేసేవారు. గీసిన చోటల్లా రాగిని ఆసిడ్ తినేసి సన్నటి కాలవలు పడేవి. కొండలు, రేవు, పడవలు, ఒడ్డున ఆరేసిన వలలు, రాళ్ళు పేర్చిన గోడలు, అన్నీ ఆ కాలవల్లోనే ఉండేవి. ఆకాశం మాత్రం ఆయన గీసేవారు కారు. అక్కడ రేకు నున్నగా, ఖాళీగా ఉండేది. "అది నీ పని పిల్లా" అనేవారు. నేను రేకు నిండా సిరా పట్టించి, పల్చటి గుడ్డతో తుడిచి, ఆఖర్న అరచేతికి సుద్ద రాసుకుని మళ్ళీ తుడిచేదాన్ని. చెయ్యి గట్టిగా వేసిన చోట వెలుతురు, తేలిగ్గా పోనిచ్చిన చోట మబ్బు. దాని మీద తడి కాగితం పరిచి, పైన కంబళి కప్పి, అచ్చుమర చక్రం తిప్పేదాన్ని. డెబ్భై అయిదు కాగితాలు తీస్తే డెబ్భై అయిదు రకాల వాతావరణం వచ్చేది. కింద మూల పెన్సిల్‌తో ఆయన సంతకం పెట్టేవారు. నా పేరు ఎక్కడా ఉండేది కాదు. అచ్చువేసేవాళ్ళ పేరు వెయ్యడం ఈ పనిలో ఆనవాయితీ కాదు, నాకూ ఆ ఆలోచన రాలేదు.

నా పేరు ఎఫీ లుమ్స్‌డెన్. మా నాన్న ఎడిన్‌బరోలో పెద్దమనుషులకు పేరు కార్డులు అచ్చువేసేవాడు. రేకు తుడవడం నాకు అన్నం తినడం నేర్చుకున్న రోజుల్లోనే వచ్చింది. పద్ధెనిమిదో ఏట పిట్‌కార్డీ రేవుకు వచ్చి కిన్నియర్ గారి దగ్గర చేరాను. ఇంకో పద్ధెనిమిదేళ్ళు అక్కడే గడిచాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకు నా గోళ్ళు చూపించేదాన్ని. ఏ సబ్బుకూ వదలని నలుపు వాటిలో ఉంటుంది.

యుద్ధం అయిపోయాక జనానికి ఈ బొమ్మల పిచ్చి పట్టింది. పళ్ళ డాక్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, నార మిల్లుల యజమానులు, అందరూ ఎగబడ్డారు. వాళ్ళు ముందు చూసేది బొమ్మను కాదు, సంతకాన్ని. తర్వాత ఇది ఎన్ని కాగితాల్లో ఎన్నోదో చూసేవాళ్ళు. ఆ తర్వాత తీరికుంటే కొండ వైపు ఓ చూపు పడేసేవాళ్ళు. ఈ నెల కొన్నది వచ్చే నెల వేలంలో రెండింతలకు పోయేది. ఒకసారి చట్రం కట్టించమని ఒకాయన నాకో పొట్లం పంపాడు. విప్పబోతే దాని ముడి నేను వేసిందే. ముగ్గురు యజమానులు మారారు, ఒక్కడూ పొట్లం విప్పి చూడలేదు. వాళ్ళంతా ఏం కొన్నారో ఆ దేవుడికే ఎరుక.

తర్వాత అమెరికాలో షేర్లు కూలాయి. ఆ చలికాలం దాటకుండానే మా కొండలూ రేవులూ కూడా కూలాయి. నిన్నటిదాకా మా గుమ్మం ముందు టోపీలు తీసి నిలబడ్డవాళ్ళు, గోడ మీద బొమ్మ కనబడితే మొహం తిప్పుకునే స్థితికి వచ్చారు. ఆ బొమ్మల తప్పేమీ లేదు. వాటిని సరుకు చేసినవాళ్ళే వాటి మొహాన ఉమ్మారు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కిన్నియర్ గారికి మాత్రం చీమ కుట్టినట్టు లేదు. పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి జనవరిలో రేవు బొమ్మ కొత్తది మొదలుపెట్టారు. ఆటు వేళ, నీళ్ళు లాగేసిన రేవు, బురదలో పక్కకు ఒరిగిన పడవలు. ఇరవై కాగితాలు తీశాం. ఆరబెట్టి, అట్టల మధ్య పెట్టి, సంతకాలు రేపు పెడతానన్నారు. మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆసిడ్ తొట్టె పక్కన నేల మీద పడి ఉన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు వంకర తిరిగింది.

బతికారు. మార్చి నెలాఖరుకు కుర్చీలో కూర్చుని, ఒక్కో మాటా తడుముకుంటూ మాట్లాడగలిగారు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో వేరేవాళ్ళ చెయ్యిలా పడి ఉండేది.

అప్పుడు ఎడిన్‌బరో నుంచి ఔట్రమ్ ఉత్తరం వచ్చింది. కిన్నియర్ గారి బొమ్మలు ఇరవై ఏళ్ళుగా అమ్మేది ఔట్రమే. మెత్తటి మాటలవాడు, బూడిద రంగు చేతిజోళ్ళ వాడు. ఆ ఉత్తరం ఆయనకు నేనే చదివి వినిపించాను. వినిపించకపోతే బాగుండునని సగంలోనే అనిపించింది. "రేవు కాగితాలు ఇరవై మీద మీరు సంతకం పెట్టగలిగితే మే నెల ప్రదర్శనలో ఉంచుతాను. పెట్టలేకపోతే, కిన్నియర్ పని ముగిసింది, ఇక కొత్తవి రావు అని కేటలాగులో వేస్తాను. అలా వేస్తే మీ పాత బొమ్మలకైనా కాస్త ధర నిలబడుతుంది. ఇది మీ మేలు కోరి రాస్తున్నాను" అని ఉంది.

ఎవరి మేలో చదివేటప్పుడే అర్థమైంది. పాత బొమ్మలు అతని బీరువాల్లో దొంతర్లుగా ఉన్నాయి. గీసేవాడు అయిపోయాడంటే వాటికి గిరాకీ వస్తుంది.

కిన్నియర్ గారు ఎడమ చెయ్యెత్తి తన జావ గిన్నె చూపించారు. "ముగిసిందా? నేనింకా... తింటున్నా" అన్నారు.

"ఆ మాట మీరే రాసి పంపండి అయ్యా."

"పెన్సిలు... తే."

పెన్సిలు ఇచ్చాను, అచ్చు చెడిన కాగితం ఒకటి ముందు పెట్టాను. ఎడమ చేత్తో పట్టుకున్నారు. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్న పిల్లవాడిలా ఒగరుస్తూ ఏదో గీశారు. చూస్తే అక్షరాల్లా లేవు, పిచ్చిగీతల్లా ఉన్నాయి. ఆయన మొహం మాడిపోయింది. పెన్సిలు విసిరికొట్టారు.

నేను కాగితం తీసుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ గీతల్లో ఒక పద్ధతి ఉంది. కుడి నుంచి ఎడమకు నడిచాయి. రేకు మీద మూల పేరు గీసేటప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే, తిప్పి గీసేవారు. రేకు మీద తిప్పి రాస్తేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. నలభై ఏళ్ళు అదే అలవాటు. గోడకున్న అద్దం తీసి కాగితం పక్కన నిలబెట్టాను. అద్దంలో ఎ. కిన్నియర్ అని ఉంది. వంకర లేదు, వణుకు లేదు. 'కె' కొమ్ము పైకి విసిరినట్టు పోయే ఆ పాత విసురు కూడా అలాగే ఉంది.

నేను పకపకా నవ్వాను. జబ్బు మనిషి ముందు అలా నవ్వకూడదని కూడా తోచలేదు.

"ఏంటే?" అన్నారు కోపంగా.

అద్దం ఆయన వైపు తిప్పాను. చూశారు. వంకర మూతితోనే, ఒక పక్కగా, మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు. జనవరి తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ వారమంతా రోజుకు మూడు కాగితాల చొప్పున సంతకాలు పెట్టారు. ఎంత చెప్పినా తిన్నగా రాయడానికి ఒప్పుకోలేదు. ఒకసారి నేను బతిమాలితే ప్రయత్నించారు గానీ, అవి ఎవరివో అక్షరాల్లా వచ్చాయి. వెంటనే రబ్బరు అందుకున్నారు. "నా చెయ్యి... ఇదే" అన్నారు.

మధ్యలో చేపల గంపతో మెగ్ స్మీటన్ వచ్చింది. మెగ్‌ది రేవులోనే పుట్టి పెరిగిన నోరు. ఆరబెట్టిన కాగితాలు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమే ఎఫీ, మీ ముసలాయనకి ఇంకా బుద్ధి రాలేదా? మా చర్చిని మళ్ళీ రేవుకి అవతల పెట్టాడు."

ఈ తగువు ముప్ఫై ఏళ్ళది. ఇలాంటి బొమ్మలు గీసే మిగతావాళ్ళు ఇంట్లో కూర్చుని అద్దంలో చూసి తిప్పి గీస్తారు. ఈయన గాలిలో గట్టు మీద నిలబడి, కళ్ళతో చూసింది చూసినట్టు రేకు మీద గీసేస్తారు. కాగితం మీద ఊరంతా తిరగబడుతుంది.

"అద్దంలో చూడు మెగ్, సరిగ్గానే ఉంటుంది" అన్నాను.

"నేనేం చర్చికి అద్దం పట్టుకుని పోతానా?" మెగ్ వంగి సంతకం చూసింది. ఆమెకు చదువు రాదు గానీ ఆ పేరు ఆకారం తెలుసు. "ఓరి నాయనో! ఇప్పుడు పేరు కూడా అటు తిప్పేశాడు. సరే, ఇప్పటికి చర్చీ పేరూ ఒక వైపుకి వచ్చాయి" అంటూ రెండు చేపలు ఊరికే పళ్ళెంలో పడేసి పోయింది. కిన్నియర్ గారు ఆ చేపలు తిన్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు.

ఏప్రిల్ రెండో వారంలో ఔట్రమ్ స్వయంగా కారులో దిగాడు. అతనికి టీ ఇచ్చాను. చేతిజోళ్ళు తీసి మోకాలి మీద పెట్టుకుని, కిటికీ వెలుతుర్లో కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. "బాగుంది. ముఖ్యంగా ఈ ఆకాశం. ఇంకెవరి వల్లా కాదు కిన్నియర్ గారూ ఇది, మీ ఒక్కరి వల్లే అవుతుంది" అన్నాడు. నేను టీ గిన్నె సర్దుకున్నాను. అతని చూపు కింద మూలకు దిగింది. మొహం అదోలా అయిపోయింది.

"ఇదేమిటి?"

"నా పేరు" అన్నారు కిన్నియర్ గారు.

ఔట్రమ్ కాగితం కింద పెట్టి, నన్ను వెనక వరండాలోకి రమ్మని సైగ చేశాడు. అక్కడ ఆసిడ్ సీసాల మధ్య నిలబడి గొంతు తగ్గించాడు.

"చూడమ్మాయ్, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఆ రాతలు రబ్బరుతో చెరిపెయ్. ఆయన సంతకం పద్ధెనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్నావు. నువ్వే పెట్టెయ్."

"దాన్నేమంటారో తెలుసా మీకు?"

"సేవ అంటారు. ముసలాయనకి చేసే సేవ. ఆయన పేరు కేటలాగులో ఉంటుంది. ఇంకో బొమ్మ గీసే ధైర్యం వస్తుంది. ఈ తిరగబడ్డ రాత చూపిస్తే కొనేవాళ్ళు నన్ను ఎగతాళి చేస్తారు. అసలే ఈ రోజుల్లో వాళ్ళకి ఓ సాకు చాలు."

వెంటనే కాదనలేకపోయాను. దానికి కారణం ఉంది, అది ఔట్రమ్‌కు తెలియదు. కిన్నియర్ గారికీ తెలియదు. ఇక్కడ దాచి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను. ఆ సంతకం నేను ఇంతకుముందే పెట్టాను. ఒకటీ రెండూ కాదు, నలభై రెండు సార్లు.

పంతొమ్మిది వందల ఇరవై ఏడు నవంబరులో. బొమ్మల పిచ్చి ముదిరిన రోజులవి. బోర్‌లాండ్ కొండ బొమ్మ అచ్చయింది. దానికి సంతకాలు పెట్టడం మర్చిపోయి కిన్నియర్ గారు ఉత్తరాన దీవులకు గీసుకోవడానికి పోయారు. పడవ దొరికితే వస్తారు, దొరక్కపోతే లేదు. ఔట్రమ్ నుంచి తంతి మీద తంతి. ప్రదర్శన సోమవారం, సంతకం చేసిన కాగితాలు శుక్రవారంలోగా పంపండి, కొన్నవాళ్ళు కాచుకుని ఉన్నారు. గురువారం మధ్యాహ్నం నేను పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. ఆయన మాట పోకూడదనుకున్నాను, అది నిజమే. కానీ పూర్తి నిజం అది కాదు. నాకు వస్తుందో రాదో చూడాలనిపించింది. మొదటిసారికే వచ్చేసింది. పదో కాగితం దగ్గర నేను కూనిరాగం తీస్తున్నానంటే ఎంత సిగ్గులేనిదాన్నో చూసుకోండి. ఔట్రమ్ జవాబు రాస్తూ, ఈసారి సంతకంలో ఒక స్వేచ్ఛ కనబడుతోందని మెచ్చుకున్నాడు. కిన్నియర్ గారు తిరిగొచ్చాక అడగలేదు. ఆయన ఏది ఎప్పుడు సంతకం చేశారో ఆయనకే గుర్తుండేది కాదు. అప్పట్నుంచి ఆ సంగతి నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అందుకే వరండాలో ఔట్రమ్ అడిగినప్పుడు నాకు భయమేసింది. పని తెలియక కాదు, ఎంత సులువో తెలిసి. ఇరవై సంతకాలు ఒక గంట పని. ఆ గంట చేస్తే కేటలాగులో ఆయన బతికి ఉంటారు. చెయ్యకపోతే ముగిసిపోతారు.

గోడ అవతల కిన్నియర్ గారు దగ్గారు. వారం రోజులు నాలిక కొరుక్కుంటూ ఆయన ఆ కాగితాల మీద పడ్డ పాటు కళ్ళ ముందు మెదిలింది.

"నేను రాయను" అన్నాను. "ఆయన సంతకం ఆయన పెట్టారు. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే పొండి."

ఔట్రమ్ నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు మర్యాద నేర్పినవాళ్ళు లేరనుకుంటాను" అని లోపలికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

లోపల అతను తన తోలు పెట్టె తెరిచి ఒక కాగితం తీశాడు. కిన్నియర్ గారి ముందున్న బల్ల మీద, ఎడమచేతి సంతకం పక్కన పరిచాడు. అది బోర్‌లాండ్ కొండ.

"కిన్నియర్ గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు" అన్నాడు తేనె పూసిన గొంతుతో. "కానీ ఇది చూడండి. ఇదీ మీ సంతకం. దీన్ని నేను కొత్తవాళ్ళకు నమూనాగా చూపిస్తుంటాను. ఈ పట్టు, ఈ విసురు, ఈ ధీమా. ఇరవై ఏళ్ళుగా మీ చెయ్యి నాకు తెలుసు. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా చెప్పగలను. ఈ రెండోది మీ చెయ్యి కాదు. జబ్బు చేసిన మనిషి గీత. మీ పేరు మీద గౌరవంతో చెబుతున్నాను, ఇక్కడితో ఆపేద్దాం. కేటలాగులో చక్కగా, గౌరవంగా వేస్తాను."

కిన్నియర్ గారు బోర్‌లాండ్ కాగితం వైపు చూశారు. తర్వాత తన ఎడమచేతి సంతకం వైపు. మళ్ళీ ఆ కొండ వైపు. ఆయన మొహంలో పొగరు మెల్లగా దిగిపోవడం నా కళ్ళతో చూశాను. నలభై ఏళ్ళు గాలిలో నిలబడ్డ మనిషి, నా దొంగ సంతకం ముందు ఓడిపోతున్నాడు. "నిజమే... నా చెయ్యి... అది" అని గొణిగారు.

కిమ్మనకుండా ఉంటే నా తప్పు నాతోనే పోయేది. ఆయన దృష్టిలో నేను నమ్మకస్తురాలైన ఎఫీగానే మిగిలేదాన్ని. ఆయన మాత్రం ఆ కుర్చీలోనే ముగిసిపోయేవారు.

"అది మీ చెయ్యి కాదయ్యా. నాది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"మీరు దీవుల్లో ఉన్నప్పుడు నేనే పెట్టాను. బోర్‌లాండ్ కొండకి, నలభై రెండు కాగితాలకి. మీరు సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయారు."

ఔట్రమ్ నవ్వబోయాడు. "ఇదేం పరాచికం? నేను నమ్మను."

అతను బొమ్మ చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం బల్ల మీదే ఉంది. పెన్సిలు తీసుకుని దాని మీద రాశాను. ఎ. కిన్నియర్. పక్కనే ఇంకోటి. కింద ఇంకోటి. రాస్తున్నప్పుడు నా చెయ్యి కాస్త కూడా వణకలేదు, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఔట్రమ్ వంగి చూశాడు. కొండ బొమ్మ ఎత్తి పట్టుకుని, దించి, మళ్ళీ ఎత్తాడు. అతని చెంపల మీద రంగు ఇంకిపోయింది.

"నువ్వు... నువ్వు దొంగవి."

"అవును. ఇందాక వరండాలో మీరు నన్ను బతిమాలింది ఆ దొంగతనానికే కదా. అప్పుడు దాని పేరు సేవ."

కిన్నియర్ గారి తల గిరుక్కున అతని వైపు తిరిగింది. ఔట్రమ్ ఆయన కళ్ళల్లోకి చూడలేకపోయాడు.

"ఇది బయటికి పొక్కితే ఏమవుతుందో తెలుసా నీకు? జైలు!"

"పొక్కనివ్వండి. మీరే పత్రికలో వేయించండి. ఆ నలభై రెండు ఇళ్ళకీ వెళ్ళి చెప్పండి, కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలనన్న మీరు నాలుగేళ్ళు కళ్ళు తెరుచుకుని చూసి కూడా కనిపెట్టలేకపోయారని. నమూనాగా చూపించింది కూడా అదేనని చెప్పండి. నేను కూడా వస్తాను మీ వెంట, పెన్సిలు తెచ్చుకుంటాను."

అతను చేతిజోళ్ళు తొడుక్కోబోతే ఎడమది కుడి చేతికి పట్టింది. అలాగే లాక్కుని, పెట్టె మూసుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను దారికడ్డంగా నిలబడ్డాను. నాకు అప్పటికే తల తిరిగినంత కోపం వచ్చి ఉంది.

"కేటలాగులో ఏం వేస్తారు?"

"తప్పుకో."

"ఎడమ చేత్తో సంతకం చేస్తున్నారు అని వెయ్యండి. అది ఒక్కటే నిజం మీ దగ్గర ఉన్నది."

తప్పుకున్నాను. అతను వెళ్ళిపోయాడు. కంగారులో బోర్‌లాండ్ కొండ బల్ల మీదే వదిలేశాడు. తర్వాత మే నెల కేటలాగు తెప్పించి చూశాను. అందులో కిన్నియర్ పేరు లేదు. ముగిసిందన్న మాటా లేదు. ఆ మాట వెయ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు.

కానీ ఆ రోజు కారు చప్పుడు వినబడనంత దూరం పోయాక ఆ గదిలో నిలబడటం నా వల్ల కాలేదు. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. నా గుడ్డలు, నా సుద్ద డబ్బా, నాన్న ఇచ్చిన పాత ఏప్రను, ఇవన్నీ ఎక్కడెక్కడున్నాయో మనసులోనే సర్దుకుంటున్నాను. పొమ్మంటారని తెలుసు. పొమ్మనాలి కూడా.

"ఎన్ని?" అన్నారు ఆయన, కొండ బొమ్మ మీంచి కళ్ళెత్తకుండా.

"నలభై రెండు."

"ఎన్నాళ్ళు... నేర్చుకున్నావ్?"

"నేర్చుకోలేదయ్యా. మొదటిసారికే వచ్చింది."

ఎడమ చెయ్యి పిడికిలి చేసి బల్ల మీద గుద్దారు. పెన్సిలు ఎగిరి పడింది. అంత గట్టిగా గుద్దగలరని నాకు తెలియదు. జనవరి ముందు కూడా ఆయన నా మీద అలా మండిపడింది లేదు. నోరు వంకర తిరుగుతూ, మాట చిక్కుకుంటూ, ఉమ్మి గడ్డం మీద కారుతున్నా తుడుచుకోకుండా అరిచారు.

"నా పేరు... నలభై రెండు సార్లు. నీ పేరు... ఒక్కసారీ... రాయలేదు. సిగ్గులేదూ నీకు?"

నేను చెప్పుకోవడానికి పది సంజాయిషీలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఈ మాటకు సరిపోయేది వాటిలో ఒక్కటీ లేదు. రేవు బొమ్మ మొదటి కాగితాన్ని ఆయన మోచేత్తో నా వైపు తోశారు. కింద ఎడమ మూల చోటు చూపించారు.

"రాయి."

"అచ్చువేసేవాళ్ళ పేరు ఎవరూ వెయ్యరయ్యా."

"ఎవరూ... ఎడమ చేత్తోనూ... చెయ్యరు. రాయి."

నేల మీంచి పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. రాశాను. రాసి చూసుకున్నాను. ఎఫీ లుమ్స్‌డెన్ అనే ఉంది, కానీ ఆ విసురు ఆయనది. ఆ పట్టు ఆయనది. పేరు నాదే, రాత మాత్రం కిన్నియర్‌ది. బొమ్మల కింద నా చెయ్యి వేరే ఏదీ ఎప్పుడూ రాయలేదు కదా, దానికి ఇంకోటి తెలియదు.

ఆయన చూశారు. తల అడ్డంగా ఊపారు. రబ్బరు నా ముందుకు నెట్టారు.

చెరిపాను. మళ్ళీ రాశాను. మళ్ళీ ఆయనే వచ్చారు. ఈసారి నాకే మండింది. ముప్ఫై ఆరేళ్ళదాన్ని, నా పేరు నేను రాసుకోలేనా? గట్టిగా చెరిపేశాను. పలక మీద దిద్దుకుంటున్నట్టు, ఒక్కో అక్షరం ఆపి, ఊపిరి తీసి, దాని పక్కన ఇంకోటి పెట్టాను. ఒకటి పైకి, ఒకటి కిందికి. లావుగా, గుండ్రంగా, వంటింటి డబ్బాల మీద పేర్లు రాసినట్టు వచ్చాయి. ఆఖరి అక్షరానికి చోటు చాలక అంచుకు నక్కింది.

కిన్నియర్ గారు కాగితం దగ్గరికి లాక్కుని చూశారు.

"వికారంగా... ఉంది" అన్నారు.

"ఉండనీండి. నాదే" అని, రెండో కాగితం ముందుకు లాక్కున్నాను.